కదలని బంతి

"మూడేళ్ళ నుంచి ఆడుతున్నాను. నిన్నగాక మొన్న స్టిక్ పట్టినవాడు ఆరు నెలల్లో నన్ను దాటిపోయాడు. వాడికి పుట్టుకతోనే వచ్చిందంటారా?"

పూల్ పార్లర్‌లోనో, ఆఫీసు క్యాంటీన్ పక్కన వేసిన బల్ల దగ్గరో ఈ మాట తరచుగా వినిపిస్తుంది. దాని వెంటే ఇంకోటి వస్తుంది: "ఒక్కడినే ఉన్నప్పుడు చకచకా పడే బంతులు నలుగురు చూస్తుంటే ఎందుకు మొండికేస్తాయి?" మొదటిదానికి చుట్టూ ఉన్నవాళ్ళు "వాడి చెయ్యి అలాంటిది" అంటారు. రెండోదానికి "టెన్షన్" అంటారు. రెండూ జవాబుల్లా వినిపిస్తాయి గానీ, అర్థం కాని సంగతికి తగిలించిన పేర్లే అవి. ఆ 'చెయ్యి' ఎలా తయారవుతుంది, టెన్షన్ దాన్ని ఏం చేస్తుంది అని తవ్వడం మొదలుపెడితే అసలు సంగతులు బయటపడతాయి.

ఈ తవ్వకానికి పూల్, దాని పెద్దన్న స్నూకర్ బాగా పనికొస్తాయి. క్రికెట్‌లో గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకనుకు అటూ ఇటూగా బ్యాటర్ దగ్గరికి చేరిపోతుంది. భయపడడానికి కూడా తీరిక ఉండదు. పూల్‌లో బంతి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దానికి తొందర లేదు, మనమీద కోపం లేదు. ఆటగాడికి కావలసినంత సమయం ఉంటుంది. చిక్కంతా ఆ సమయంతోనే. చెయ్యి ఖాళీగా ఉన్న ఆ కొద్ది క్షణాల్లో మనసు ఏం చేస్తుందన్నదాని మీద సగం ఆట నడుస్తుంది.

ఒకటిన్నర మిల్లీమీటరు

ముందు ఈ ఆట ఎంత కష్టమో కొలిచి చూద్దాం. పోటీల్లో వాడే తొమ్మిది అడుగుల పూల్ బల్ల ఆడే మేర 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. బంతి అడ్డకొలత 57 మిల్లీమీటర్లు. మూల పాకెట్ నోరు దానికి రెట్టింపు, అంటే పదకొండున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తెల్ల బంతికి ఒక మీటరు దూరంలో రంగు బంతి ఉంది, అక్కడికి ఇంకో మీటరు దూరంలో పాకెట్ ఉంది, మూడూ ఒకే గీతలో ఉన్నాయి అనుకుందాం. చూడ్డానికి ఇంతకన్నా తేలిక షాట్ లేదు.

పాకెట్ నోరు వెడల్పుగా ఉంది కనక రంగు బంతి దారి అటో ఇటో ఒకటిన్నర డిగ్రీలు తప్పినా పడిపోతుంది. కాని ఆ రంగు బంతిని తోసేది మన చెయ్యి కాదు, తెల్ల బంతి. రెండు గుండ్రటి వస్తువులు ఢీకొన్నచోట, మొదటిదాని దారిలో ఉన్న తప్పు రెండోదాని దారిలో ఎన్నో రెట్లవుతుంది. మనం అనుకున్న దూరాల్లో అది పదహారు రెట్లు దాటుతుంది. వెనక్కి లెక్క వేస్తే తెల్ల బంతికి మిగిలే వెసులుబాటు డిగ్రీలో పదో వంతు. స్టిక్‌ను ఆనించిన ముందరి చెయ్యికీ పట్టుకున్న వెనక చెయ్యికీ మధ్య 85 సెంటీమీటర్లు ఉందనుకుంటే, వెనక చెయ్యి ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, బంతి పాకెట్ అంచుకు తగిలి వెనక్కి వస్తుంది.

దీనికి తోడు ఇంకో సంగతి. స్టిక్ మొన తెల్ల బంతిని అంటి ఉండేది సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ. కంట పడినదానికి మన శరీరం స్పందించాలంటే సెకనులో అయిదో వంతు కావాలి. అంటే తప్పు జరిగిందని మెదడుకు తెలిసేసరికి బంతి వెళ్ళిపోయి చాలాసేపయింది. మధ్యలో సరిదిద్దుకోవడం అన్నది లేదు. జరగవలసినదంతా కొట్టక ముందే జరిగిపోవాలి.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నను కొంత విప్పే లెక్క ఒకటి చూడండి. ఒక్కో బంతిని నూటికి 70 సార్లు వేయగలవాడు ఎనిమిది బంతులను తప్పకుండా వరసగా వేసే అవకాశం నూటికి ఆరు కూడా ఉండదు. 80 సార్లు వేయగలవాడికి అది 17. 90 సార్లు వేయగలవాడికి 43. ఒక్కో షాట్‌లో తేడా కొంచెమే. బల్ల ఖాళీ చేయడంలో తేడా ఏడు రెట్లు. పక్కనుంచి చూసేవాళ్ళకు కనిపించేది ఈ రెండోదే. అందుకే మనకంటే కాస్త మెరుగైనవాడు వేరే జాతి మనిషిలా కనబడతాడు. నిజానికి తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మంచి ఆటగాడు ఒక బంతి వేస్తూనే తెల్ల బంతిని తర్వాతి షాట్‌కు అనువైన చోటికి చేరుస్తాడు. వాడికి ఎప్పుడూ తేలిక షాట్లే వస్తున్నట్టుంటుంది. పార్లర్‌లో దీన్ని లక్ అంటారు.

స్నూకర్‌లో ఒకే విడతలో గరిష్ఠంగా 147 పాయింట్లు చేయాలంటే 36 బంతులు వరసగా వేయాలి. నూటికి 95 సార్లు వేయగలవాడికి కూడా ఆ అవకాశం 16 శాతమే. 1988లో గుంటూరులో జరిగిన జాతీయ స్నూకర్ పోటీల్లో గీత్ సేథీ ఆ 147 చేశాడు. అధికారిక పోటీలో ఒక అమెచ్యూర్ ఆటగాడు ఆ అంకెను అందుకోవడం ప్రపంచంలో అదే మొదటిసారి. మిరప ఘాటు పేరెత్తినప్పుడల్లా గుర్తొచ్చే ఊరికి ఈ ఘనత కూడా ఉందని మనలో చాలామందికి తెలియదు.

కంట్లో ఏమీ లేదు

పుట్టుకతో వచ్చేది ఏదైనా ఉంటే అది ముందు కంట్లో ఉండాలని ఎవరికైనా తోస్తుంది. దూరపు బంతి అంచు స్పష్టంగా కనపడాలి, కోణాలు తెలియాలి, రంగులు తెలియాలి. ఆస్ట్రేలియాకు చెందిన బ్రూస్ ఎబర్నెథీ, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని నేరుగా పరీక్షించారు. ఆరితేరిన స్నూకర్ ఆటగాళ్ళను, మధ్యరకం వాళ్ళను, కొత్తవాళ్ళను కూర్చోబెట్టి కంటి డాక్టర్లు చేసే పరీక్షలన్నీ చేశారు. ఆరితేరినవాళ్ళ కళ్ళలో చెప్పుకోదగిన ప్రత్యేకత ఏదీ కనిపించలేదు.

తేడా ఇంకోచోట బయటపడింది. ఆట మధ్యలో బల్ల ఎలా ఉంటుందో ఆ బొమ్మను కాసేపు చూపించి తీసేసి, ఏ బంతి ఎక్కడుందో చెప్పమంటే ఆరితేరినవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎంతో బాగా చెప్పారు. బంతులను అడ్డదిడ్డంగా వెదజల్లిన బొమ్మ చూపించినప్పుడు మాత్రం ఆ ఆధిక్యం పోయింది. అంటే వాళ్ళది గొప్ప జ్ఞాపకశక్తి కాదు. ఆటలో వచ్చే అమరికలు వాళ్ళకు పరిచయం. మనం అక్షరాలు కూడబలుక్కోకుండా పదాన్ని పదంగా చదివేసినట్టు వాళ్ళు బల్లను చదువుతారు. రాబోయే షాట్లను ఎక్కువ దూరం ముందుకు ఆలోచించగలగడంలో కూడా వాళ్ళే మెరుగు. ఇవన్నీ బల్ల దగ్గర గడిపిన గంటలు పెట్టిన ముద్రలు.

అసలు మంచి కళ్ళే ఈ ఆటకు అర్హత అయితే డెనిస్ టేలర్ పేరు మనకు తెలిసేది కాదు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన ఈ స్నూకర్ ఆటగాడికి చూపు సరిగా ఉండేది కాదు. బల్ల మీదికి వంగినప్పుడు మామూలు కళ్ళజోడు పైఅంచు అడ్డం వస్తుంది కనక, తలకిందులుగా బిగించినట్టు కనిపించే పెద్దపెద్ద అద్దాల కళ్ళజోడు ప్రత్యేకంగా చేయించుకున్నాడు. జనం నవ్వారు. ఆయన సంగతి మళ్ళీ వస్తుంది.

అలాగని పుట్టుకకు ఏ పాత్రా లేదని కొట్టిపారేయలేం. తైవాన్ కుర్రాడు వు చియా-చింగ్ 2005లో పదహారేళ్ళకే నైన్‌బాల్ అనే పూల్ ఆటలో ప్రపంచ విజేత అయ్యాడు. అమెరికాకు చెందిన జీన్ బలూకస్ తొమ్మిదేళ్ళ వయసులోనే యూఎస్ ఓపెన్‌లో పెద్దవాళ్ళతో పోటీపడింది. వీళ్ళను చూసి ఇదంతా వట్టి కష్టఫలమే అనడం మొండితనం. కాని ఇలాంటి 'పుట్టు ప్రతిభ'ల బాల్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. ఇంద్రజాలికుడని పేరుపడ్డ ఫిలిప్పీన్స్ పూల్ ఆటగాడు ఎఫ్రెన్ రెయెస్ చిన్నతనంలోనే మనీలాలో మామయ్య పూల్ హాల్‌కు చేరాడు. ఎత్తు చాలక కోకాకోలా పెట్టెల మీద నిలబడి ఆడాడు, రాత్రి ఆ బల్లల మీదే పడుకున్నాడు. అమెరికన్ విల్లీ మొస్కోనీ తండ్రికి ఫిలడెల్ఫియాలో పూల్ హాలు ఉండేది. కొడుకు ఆటలో పడకూడదని బంతులు దాచేస్తే, వాడు చీపురు కర్రతో బంగాళాదుంపలు కొట్టి సాధన చేశాడని కథ. స్నూకర్ విజేత రానీ ఓ'సలివన్‌కు తండ్రి ఇంటి దగ్గరే స్నూకర్ గది కట్టించాడు. పూల్ విజేత షేన్ వాన్ బోనింగ్ తాతగారూ పూల్ ఆటగాడే. మన పంకజ్ అద్వానీని ఈ ఆట దగ్గరికి తీసుకువెళ్ళింది అన్న శ్రీ.

ఇందరు ప్రతిభావంతులు బల్లలున్న ఇళ్ళనే వెతుక్కుని పుట్టారనుకోవడం కష్టం. బల్ల అందుబాటులో లేని ఇళ్ళలో ఎంతమంది రెయెస్‌లు పుట్టి ఇంకేదో పని చేసుకుని బతికారో లెక్కపెట్టే మార్గం లేదు.

పుట్టుకతో వచ్చేది ఎక్కడో దాగి ఉందంటే, అది నేర్చుకునే తీరులో ఉందనిపిస్తుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. పూల్ పెద్దగా తెలియని ముప్ఫై మందికి ఒళ్ళంతా కదలికలను కొలిచే సెన్సర్లు కట్టి ఒకే షాట్‌ను ఒక్కొక్కరి చేత 300 సార్లు కొట్టించారు. కొట్టే కొద్దీ అందరిలోనూ గురి మెరుగైంది, ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మధ్య తేడా తగ్గింది. ప్రతి షాట్ తర్వాత మెదడులో లేచే ఒక రకం తరంగాలను కూడా కొలిచారు. సాధన సాగే కొద్దీ ఆ తరంగాలు కొందరిలో పెరుగుతూ పోయాయి, ఇంకొందరిలో తగ్గుతూ పోయాయి. చేస్తున్న పని ఒకటే, నేర్చుకుంటున్న దారులు వేరు. కొందరు తప్పిన షాట్ నుంచి ఎక్కువ నేర్చుకుంటారు, కొందరు పడిన షాట్‌ను పట్టుకుని దాన్నే మళ్ళీ చేయడం నేర్చుకుంటారు అన్నది దీనికి పరిశోధకులు ఇచ్చిన వివరణ. ఆరు నెలల్లో మనల్ని దాటిపోయినవాడి దగ్గర ఉన్నది కన్నూ కాదు, చెయ్యీ కాదు. వాడు చేస్తున్న సాధన వాడి నేర్చుకునే తీరుకు అతికినట్టు సరిపోయి ఉండవచ్చు.

చెయ్యికి అప్పగించడం

సాధన అనగానే పదివేల గంటలు అనే అంకె నోటికొస్తుంది. దాని పుట్టుక 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన. అత్యుత్తమ విద్యార్థులు ఇరవై ఏళ్ళ వయసుకు సగటున పదివేల గంటలు సాధన చేసి ఉన్నారు. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకం ఆ సగటును ఒక సూత్రంగా మార్చి ఊరూరా తిప్పింది. ఎరిక్సన్ అన్నది అది కాదు. ఆయన లెక్కించినవి వట్టి గంటలు కావు, గురిపెట్టిన సాధన చేసిన గంటలు. దీన్నే డెలిబరేట్ ప్రాక్టీస్ అంటారు. తన లోపం ఏదో తేల్చుకుని, దానిమీదే పనిచేసి, ఫలితం వెంటనే చూసుకుని సరిదిద్దుకోవడం అందులో ముఖ్యం. అది అలసట తెప్పించే పని, సరదాగా ఉండదు.

ఆ గంటలు కూడా మొత్తం కథ చెప్పవు. 2014లో బ్రూక్ మెక్‌నమారా బృందం ఎన్నో పరిశోధనలను కలిపి లెక్కవేసింది. చదరంగంలాంటి ఆటల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 26 శాతాన్ని, క్రీడల్లో 18 శాతాన్ని గురిపెట్టిన సాధన వివరిస్తుందని తేలింది. మిగిలినదంతా పుట్టుకే అని తొందరపడి అనేవాళ్ళున్నారు. కాదు. మొదలుపెట్టిన వయసు, నేర్పినవాళ్ళు, సాధన నాణ్యం, బల్ల దొరకడం, ఓడినా మళ్ళీ రావడం, ఇవన్నీ ఆ మిగిలినదాంట్లోనే ఉన్నాయి.

మన పార్లర్‌లో మూడేళ్ళు ఆడినవాడు ఎక్కడ ఆగిపోయాడో ఇక్కడ కొంత తెలుస్తుంది. సాయంత్రం స్నేహితులతో వెళ్తాడు, ఫ్రేమ్ మీద ఫ్రేమ్ ఆడతాడు, ఓడినవాడు బిల్లు కడతాడు. కష్టమైన షాట్ వస్తే డబ్బు పోతుంది కనక తప్పించుకుంటాడు. వచ్చిన షాట్లే మళ్ళీ మళ్ళీ ఆడతాడు. మూడేళ్ళలో అతను చేసినది ఒక నెల సాధనను ముప్ఫై ఆరు సార్లు తిరగేయడం.

సాధన చెయ్యికి చేసేదేమిటో చూడాలంటే ధనుర్మాసంలో వాకిట్లోకి వెళ్ళాలి. కొత్తగా మెలికల ముగ్గు నేర్చుకుంటున్న పిల్ల చుక్కలు లెక్కపెడుతుంది, నోటు పుస్తకంలో చూసుకుంటుంది, ఏ చుక్క దగ్గర తిరగాలో పైకి అనుకుంటుంది, తప్పు పోతే కాలితో చెరిపి మళ్ళీ వేస్తుంది. కొన్నాళ్ళకు లెక్క తగ్గి చెయ్యి సాగడం మొదలవుతుంది, మెలికలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంకొన్నేళ్ళు పోయాక ఆమె పక్కింటావిడతో మాట్లాడుతూనే ముగ్గు పూర్తి చేస్తుంది. పిండి వేళ్ళ సందున తనంతట తానే జారుతుంటుంది. అప్పుడు ఎవరైనా వచ్చి "పిన్నీ, ఈ చుక్క దగ్గర కుడికి తిప్పాలా ఎడమకా?" అని అడిగితే చెయ్యి ఆగిపోతుంది. "ఉండవే, మొదటినుంచి వేస్తేగానీ చెప్పలేను" అంటుంది. ఆమెకు ముగ్గు రాకపోలేదు. అది మాటల్లో లేదు, చేతిలోకి దిగిపోయింది.

పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అనే మనస్తత్వవేత్తలు 1967లో చెప్పిన మూడు మెట్లు ఇవే: ఆలోచించి చేయడం, అతికించి చేయడం, ఆలోచన లేకుండా చేయడం. పూల్‌లో మొదటి మెట్టు మీద ఉన్నవాడు మోచెయ్యి, మణికట్టు, గడ్డం, కాళ్ళు అన్నీ ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకుంటాడు. మూడో మెట్టు మీద ఉన్నవాడికి అవేవీ గుర్తుండవు, ఉండకూడదు కూడా. సాధన అంటే ఆలోచన చేతిలో ఉన్న పనిని నిజమైన చేతికి అప్పగించడం.

ఈ అప్పగింత త్వరగా జరగాలంటే ఒకే షాట్‌ను వంద సార్లు కొట్టాలా, రకరకాల షాట్లు కలిపి కొట్టాలా? జాన్ షే, రాబిన్ మోర్గన్ 1979లో చేసిన ప్రయోగం ఇప్పటికీ కోచ్‌లను ఇబ్బంది పెడుతుంది. మూడు రకాల చేతి కదలికలను ఒక గుంపు చేత ఒకదాని తర్వాత ఒకటి వరసగా, ఇంకో గుంపు చేత కలగలిపి చేయించారు. సాధన జరుగుతున్నంతసేపూ వరసగా చేసినవాళ్ళదే పైచెయ్యి. కొన్నాళ్ళ తర్వాత పరీక్షిస్తే తారుమారైంది. కలగలిపి చేసినవాళ్ళకు ఎక్కువ గుర్తుంది, కొత్త కదలికలు కూడా వాళ్ళే మెరుగ్గా చేశారు. ఒకే షాట్‌ను వరసగా కొడుతుంటే బంతులు పడుతూనే ఉంటాయి, మనకు ఆట వచ్చేసిందనిపిస్తుంది. కలగలిపితే ప్రతిసారీ మెదడు మళ్ళీ మొదటినుంచి లెక్క వేసుకోవాలి. ఆ ఇబ్బందిలోనే నేర్చుకోవడం ఉంది. మ్యాచ్‌లో ఒకే షాట్ రెండుసార్లు రాదన్నది ఎలాగూ తెలిసిందే. పూర్తి కొత్తవాడు మాత్రం ముందు ఒకదాన్ని పట్టుకుని కొంతకాలం కొట్టడమే నయమని నా అభిప్రాయం. కలగలపడానికి చేతిలో ఏదో కొంత ఉండాలి కదా.

చూసేవాళ్ళు

1982లో అమెరికాలో జేమ్స్ మైకేల్స్ బృందం ఒక కాలేజీ పూల్ గదిలో ముందు దూరంగా కూర్చుని, ఎవరు ఎన్ని షాట్లు వేస్తున్నారో ఆటగాళ్ళకు తెలియకుండా రాసుకుంది. తర్వాత నలుగురు వెళ్ళి బల్ల పక్కన నిలబడి ఆట చూడడం మొదలుపెట్టారు. బాగా ఆడేవాళ్ళు అంతకుముందు నూటికి 71 షాట్లు వేస్తుండగా, ఈ నలుగురూ చూస్తుంటే 80 వేశారు. అంతంతమాత్రంగా ఆడేవాళ్ళు 36 నుంచి 25కు పడిపోయారు.

చిన్న ప్రయోగమే. చూసేవాళ్ళ ప్రభావం మొత్తం మీద అంత పెద్దది కాదని తర్వాత వచ్చిన లెక్కలు చెప్పాయి. అయినా దిశ ఆసక్తికరంగా ఉంది. రాబర్ట్ జాయన్స్ 1965లోనే దీనికి ఒక వివరణ ఇచ్చాడు: పక్కన ఎవరైనా ఉంటే శరీరం ఉద్రేకపడుతుంది; ఉద్రేకపడ్డ శరీరం తనకు బాగా అలవాటైనదాన్నే ఇంకా గట్టిగా చేస్తుంది. మంచి ఆటగాడికి అలవాటైనది సరైన దెబ్బ, కొత్తవాడికి అలవాటైనది తప్పు. జాయన్స్ దీన్ని బొద్దింకల మీద కూడా పరీక్షించాడు. సాటి బొద్దింకలు చూస్తుంటే అవి తిన్నటి దారిలో వేగంగా, మెలికల దారిలో నెమ్మదిగా పరుగెత్తాయి. మన పరువు సమస్యలో పరువుకున్న పాత్ర ఎంతో ఆలోచించవలసిందే.

కాని మంచి ఆటగాళ్ళు కూడా ఒక్కోసారి కుప్పకూలుతారు. 1985 ఏప్రిల్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ప్రపంచ స్నూకర్ ఫైనల్. ఒకవైపు అప్పటికే మూడుసార్లు విజేత అయిన స్టీవ్ డేవిస్. ఎదుట మన తలకిందుల కళ్ళజోడు డెనిస్ టేలర్. డేవిస్ మొదటి ఎనిమిది ఫ్రేములూ గెలిచాడు. టేలర్ మెల్లగా పుంజుకుని 17-17 చేశాడు. చివరి ఫ్రేము గంటకు పైగా నడిచి, అర్ధరాత్రి దాటాక, ఆఖరి నల్ల బంతి దగ్గర తేలవలసి వచ్చింది. బ్రిటన్‌లో కోటీ ఎనభై అయిదు లక్షల మంది టీవీల ముందున్నారు. ఇద్దరూ ఆ నల్ల బంతిని తలా కొన్నిసార్లు తప్పారు. చివరికి డేవిస్‌కు మూల పాకెట్‌లోకి సన్నగా కోసి వేయవలసిన షాట్ వచ్చింది. చాలామంది చెప్పుకునేంత తేలికది కాదది, అయినా ఆయన వేయగలిగినదే. మరీ సన్నగా కోశాడు. టేలర్ వచ్చి వేశాడు. మ్యాచ్ మొత్తంలో టేలర్ మొదటిసారి ముందుకు వెళ్ళింది ఆ బంతితోనే.

ఒత్తిడిలో బిగుసుకుపోవడం, అంటే చోకింగ్, ఎలా జరుగుతుందో గోల్ఫ్ పరిశోధనల్లో బాగా బయటపడింది. సియాన్ బైలాక్ బృందం అనుభవమున్న గోల్ఫర్లను ఒకసారి తమ దెబ్బ మీదే దృష్టి పెట్టమంది, ఇంకోసారి పక్కన వినిపించే శబ్దాల మీద దృష్టి పెట్టమంది. దెబ్బను గమనించుకుంటున్నప్పుడే వాళ్ళ గురి చెడింది. కొత్తవాళ్ళకు ఇది తిరగబడింది. ముగ్గు మధ్యలో కుడికా ఎడమకా అని అడిగినట్టే ఇది. కాకపోతే అడిగేది పక్కవాళ్ళు కాదు, మనమే. ఇది తప్పకూడదు అనుకోగానే మనసు చేతికి అప్పగించిన పనిని వెనక్కి లాక్కుంటుంది. దానికి ఆ పని సరిగ్గా రాదు, ఎప్పుడో మరిచిపోయింది.

బ్రిటన్‌లో రిచ్ మాస్టర్స్ 1992లో ఇంకో మలుపు చూపించాడు. నియమాలన్నీ వల్లెవేసి గోల్ఫ్ నేర్చుకున్నవాళ్ళకన్నా, నియమాల ధ్యాస లేకుండా నేర్చుకున్నవాళ్ళు ఒత్తిడిని బాగా తట్టుకున్నారు. లాక్కోవడానికి మనసు దగ్గర ఏమీ లేకపోతే ఏం లాక్కుంటుంది? పక్కన నిలబడి "మోచెయ్యి లేపకు, మణికట్టు వదులు" అంటూ ప్రతి షాట్‌కూ సలహా ఇచ్చే పెద్దమనిషి ఒకడు ప్రతి పార్లర్‌లోనూ ఉంటాడు. ఆయన మంచి ఉద్దేశంతోనే చేసే నష్టం ఇది.

నిలబడి ఆలోచించడం

మనసును బల్ల దగ్గరకు రానివ్వకుండా ఉండలేం. ఏ బంతి వేయాలి, తెల్ల బంతి ఎక్కడ ఆగాలి, తప్పితే ఏమవుతుంది అన్నవి ఆలోచన లేకుండా తేలవు. నిపుణులు చేసేదల్లా ఆలోచనకు ఒక చోటు, ఒక సమయం కేటాయించడం. నిలబడి ఉన్నంతసేపూ ఆలోచిస్తారు, షాట్ తేల్చుకుంటారు. వంగాక ఆలోచన ఉండదు. వంగాక సందేహం వస్తే అక్కడే సర్దుకోరు. లేచి నిలబడి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు. మంచి కోచ్‌లు మొదటి రోజుల్లోనే చెప్పేది ఇదే, మనలో చాలామంది ముసలితనం దాకా పాటించనిదీ ఇదే.

వంగిన తర్వాత కళ్ళకు ఒక పని ఉంటుంది. కెనడాకు చెందిన జోన్ వికర్స్ దానికి క్వయట్ ఐ అని పేరుపెట్టింది. నిలకడ చూపు అందాం. చివరి కదలిక మొదలయ్యే ముందు చూపు ఒకేచోట కదలకుండా నిలిచి ఉండే వ్యవధి అది. 2002లో మార్క్ విలియమ్స్ బృందం ఇరవై నలుగురు బిలియర్డ్స్ ఆటగాళ్ళ కంటి కదలికలను కొలిచింది. నేర్పరుల్లో నిలకడ చూపు ఎక్కువసేపు ఉంది. తప్పిన షాట్లలో కన్నా పడిన షాట్లలో ఎక్కువసేపు ఉంది. షాట్ కష్టమైన కొద్దీ ఇంకా పెరిగింది. కొట్టడానికి గడువు పెట్టి తొందరపెడితే ఆ చూపు కుంచించుకుపోయింది, గురి కూడా పోయింది. కంటిలో ఏమీ లేదని ఇందాక అన్నాం కదా. కన్ను మామూలుదే, దాన్ని నిలపడం నేర్చుకున్నది.

మరి రానీ ఓ'సలివన్? 1997లో అదే షెఫీల్డ్‌లో ఆయన 147ను అయిదు నిమిషాల కొద్ది సెకన్లలో ముగించాడు. బల్ల చుట్టూ నడవడం, చాక్ రాయడం కలుపుకుని ఒక్కో బంతికి తొమ్మిది సెకన్లకు మించలేదు. అది ఆలోచన లేకపోవడం కాదు. ఎబర్నెథీ చూపినట్టు రాబోయే నాలుగైదు షాట్లు ఆయనకు ఒకే పదంలా కనిపిస్తున్నాయి. ఆలోచన ముందే అయిపోయింది. అంతటి ఆటగాడు కూడా మనసు తన మాట వినడం లేదని 2011లో స్టీవ్ పీటర్స్ అనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. ఏడు ప్రపంచ టైటిళ్ళలో నాలుగు ఆ తర్వాత వచ్చినవే. పంకజ్ అద్వానీ ఇంట్లోనే ఆ సదుపాయం ఉంది. అన్న శ్రీ క్రీడా మనస్తత్వ నిపుణుడు. షేన్ వాన్ బోనింగ్‌ది ఇంకా సులువైన ఉపాయం. పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న ఆయన ఆడేటప్పుడు చెవి యంత్రం ఆపేసుకుంటాడు. 2022లో ప్రపంచ నైన్‌బాల్ విజేత అయ్యాడు.

చెవులు బాగా వినిపించే మనబోటివాళ్ళకు ఒత్తిడినే సాధన చేయడం తప్ప మార్గం లేదు. నెదర్లండ్స్‌లో రౌల్ ఔదెయన్స్, రాబ్ పైపర్స్ డార్ట్స్ ఆటగాళ్ళను క్లైంబింగ్ గోడ మీద ఎత్తుకు ఎక్కించి, కాళ్ళు వణుకుతుంటే అక్కడినుంచి గురి చూసి విసరమన్నారు. అలా కొంతకాలం భయంలో సాధన చేసినవాళ్ళు తర్వాత భయంలోనూ గురి నిలుపుకున్నారు. నేల మీద హాయిగా సాధన చేసినవాళ్ళు నిలుపుకోలేకపోయారు. భయం ఎక్కువగా ఉండనక్కర్లేదు, కొంచెమైనా పనిచేసింది. ఇందాక మనం తీసిపారేసిన 'ఓడినవాడు బిల్లు కట్టాలి' పద్ధతికి ఇక్కడ కొంత విలువ ఉంది. అది చెయ్యిని పెంచదు గానీ మనసును గోడ ఎక్కిస్తుంది. మధ్యాహ్నం ఒంటరిగా, కలగలిపి, కష్టమైన షాట్లు. సాయంత్రం డబ్బు పెట్టి ఆట. రెండోది మాత్రమే చేసేవాళ్ళే ఎక్కువ.

ఇంత చేసినా ఈ అప్పగింత శాశ్వతమని ఎవరూ హామీ ఇవ్వలేరు. 1990 నుంచి 1999 దాకా ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన స్టీఫెన్ హెండ్రీ, తన ఆట చివరి సంవత్సరాల్లో యిప్స్ బారిన పడ్డానని బాహాటంగానే చెప్పాడు. కొట్టే క్షణంలో చెయ్యి సాఫీగా ముందుకు సాగకపోవడం దీని లక్షణం. గోల్ఫర్లలో దీన్ని పరిశీలించిన మేయో క్లినిక్ వైద్యులు ఇది రెండు రకాలన్నారు. కొందరిలో ఏళ్ళ తరబడి ఒకే కదలికను తిప్పితిప్పి వాడినందువల్ల నరాల ఆదేశాలే చిక్కుపడతాయి. రాయసగాళ్ళకూ వాద్యకారులకూ వచ్చే చేతి పట్టేత లాంటిదిది. కొందరిలో అది మనం చెప్పుకున్న బిగుసుకుపోవడమే, ముదిరిపోయిన రూపంలో. రెండూ కలిసినవాళ్ళు కూడా ఉంటారు. 2012లో హెండ్రీ ఆఖరిసారిగా షెఫీల్డ్ వచ్చాడు. మొదటి రౌండులోనే స్టూవర్ట్ బింగమ్ మీద ఆడుతూ 36 బంతులూ వరసగా వేసి 147 చేశాడు. అదే పోటీ క్వార్టర్ ఫైనల్లో స్టీఫెన్ మగ్వైర్ చేతిలో 13-2తో ఓడి, రిటైరవుతున్నానని ప్రకటించాడు.